నా గడ్డలోంచి నాకే తయారు చేసిన టీకా: నా అనుభవం

2025 సెప్టెంబరులో ఒక్క వారంలో నాకు ఒకే వీడియో పదకొండు మంది పంపారు. రష్యా వాళ్ళు క్యాన్సర్‌కి టీకా కనిపెట్టేశారట, పేరు ఎంటెరోమిక్స్ అట, నూటికి నూరు శాతం పనిచేస్తుందట, ముందుగా పెద్దపేగు క్యాన్సర్‌కే ఇస్తారట. మా మేనమామ, నాతో తెనాలిలో పదో తరగతి చదివిన ఇద్దరు, మావారి ఆఫీసు వాళ్ళు, అందరూ నా మీద ప్రేమతో పంపినవే. ఒకావిడ ఫోన్ చేసి "నువ్వు వేయించుకున్నది ఇదే కదా, ఇంకో డోసు దొరుకుతుందేమో అడగకూడదా" అంటూ ఏడ్చేసింది. అక్కడి అధికారులు చెప్పిందల్లా ప్రీక్లినికల్ పరీక్షలు, అంటే మనుషుల్లో పరీక్షించకముందు చేసేవి, పూర్తయ్యాయని, వాడకానికి అనుమతి రావాలని. ఆ మాట మన ఫోన్ల దాకా వచ్చేసరికి మందు బజారులోకి వచ్చేసినట్టు మారిపోయింది. నేను వేయించుకున్నది అది కాదు, అమెరికాలో ఒక ట్రయల్‌లో (కొత్త మందుని రోగుల్లో పరీక్షించి చూసే ప్రయోగంలో) నా పెద్దపేగు క్యాన్సర్ గడ్డని బట్టి నా ఒక్కదానికే చేసిన టీకా. అసలు నాకు వేసినది ఏమిటో, దానికి ముందు, దానితోపాటు, దాని తర్వాత ఏమేం జరిగిందో ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక నాకు ఇప్పుడు లేదు. అందుకే ఒకసారి రాసేస్తున్నా.

నేను టెక్సాస్‌లో ఉంటాను, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. 2022 వేసవి నుంచి మోషన్‌లో అప్పుడప్పుడూ రక్తం పడేది. మొలలు అనుకున్నాను. అమ్మకీ ఉన్నాయి, పిల్ల పుట్టినప్పుడు నాకూ వచ్చాయి, కాబట్టి ఇంకేదో అయి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. మామూలు డాక్టరుకి చూపిస్తే ఆవిడ కూడా పైపూత మందు, పీచు పదార్థం ఎక్కువ తినమన్న సలహా ఇచ్చి పంపింది. ఇక్కడ ఏ లక్షణం లేకపోయినా కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) మొదలుపెట్టాల్సిన వయసుని 2021లో 50 నుంచి 45కి తగ్గించారు, నాకు అప్పుడు 43. డిసెంబరు వచ్చేసరికి మెట్లెక్కితే ఆయాసం. జనవరిలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.1. నెలసరి వల్లేమో అన్నారు. ఈసారి నేను ఊరుకోలేదు, కొలనోస్కోపీ చేయమని గట్టిగా అడిగాను. మత్తులోంచి లేచేసరికి మావారు కుర్చీలో తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. పెద్దపేగు చివరి భాగంలో గడ్డ. నాలుగు రోజుల తర్వాత తీసిన స్కాన్‌లో లివర్ రెండు వైపులా మచ్చలు, చిన్నవీ పెద్దవీ కలిపి తొమ్మిది. నాలుగో స్టేజి.

ఆ వారం గురించి ఎక్కువ రాయలేను. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. దానికి చెప్పాలా వద్దా అని మేమిద్దరం మూడు రాత్రులు మాట్లాడుకుని, చివరికి చెప్పేశాం, చెప్పడమే మంచిదైంది. ఇండియాలో మాత్రం అమ్మకి, తమ్ముడికి తప్ప ఎవరికీ చెప్పొద్దని అత్తయ్యగారు అన్నారు, రేపు పిల్ల పెళ్ళికి అడ్డం వస్తుందని ఆవిడ భయం. ఆవిడ మీద నాకు కోపం లేదు, కానీ ఆ దాపరికం వల్ల మొదటి నాలుగు నెలలు నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. ప్రతి ఫోన్‌కీ "బాగానే ఉన్నా" అనడం కీమో కంటే ఎక్కువ అలసట.

హ్యూస్టన్‌లో ఒక పెద్ద ఆస్పత్రికి రెండో అభిప్రాయం కోసం వెళ్ళాం. మా ఇంటి నుంచి కారులో నాలుగు గంటలు. అక్కడి క్యాన్సర్ డాక్టరు మొదట అడిగింది మీ గడ్డ ఎంఎస్ఐ రిపోర్ట్ ఏదీ అని. నాకు అప్పటిదాకా ఆ మాటే తెలీదు, ఇప్పుడు ఈ జబ్బు వచ్చిన ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది అదే. డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు పడే తప్పుల్ని దిద్దే ఏర్పాటు ఒకటి కణాల్లో ఉంటుంది. కొందరి గడ్డల్లో అది చెడిపోయి తప్పులు లెక్కలేనన్ని పేరుకుంటాయి. అలాంటి గడ్డని ఎంఎస్ఐ హై అంటారు. అన్ని తప్పులున్న కణం మన రోగనిరోధక కణాలకి పరాయిదిగా కనిపిస్తుంది కాబట్టి ఇమ్యునోథెరపీ, అంటే మన నిరోధక శక్తినే గడ్డ మీదికి పంపే చికిత్స, వాళ్ళకి చాలా బాగా పనిచేస్తుంది. పెంబ్రోలిజుమాబ్ అనే మందుని 2020లో అమెరికాలో అలాంటివాళ్ళకి మొదటి చికిత్సగానే అనుమతించారు. కానీ నాలుగో స్టేజి పెద్దపేగు క్యాన్సర్‌లో అలాంటివాళ్ళు నూటికి అయిదుగురు. నేను మిగతా తొంభై అయిదు మందిలో ఉన్నాను, ఎంఎస్ఎస్ అంటారు. మా గడ్డల్లో తప్పులు తక్కువ, నిరోధక కణాలు వాటిని పట్టించుకోవు, ఉత్త ఇమ్యునోథెరపీ ఇస్తే దాదాపు ఉపయోగం ఉండదు.

"మీ శరీరానికి ఈ గడ్డ కనిపించడం లేదు, కనిపించేలా చేయగలమా అని చూసే ట్రయల్ ఒకటి ఉంది" అన్నారాయన. ఆ తర్వాత చెప్పిన మాట ఇంకా ముఖ్యమైనది. "మీరు ఇంకా కీమో మొదలుపెట్టలేదు కాబట్టే దీని గురించి మాట్లాడగలుగుతున్నాను." ఆ ట్రయల్ మొదటి చికిత్సతో కలిపి నడిచేది. బయట రెండు మూడు నెలలు కీమో అయ్యాక వచ్చి ఉంటే నాకు అందులో చోటు ఉండేది కాదు. మేము రెండు వారాలు ఆలస్యమైనా పర్వాలేదని రెండో అభిప్రాయానికి వెళ్ళడం వల్ల మాత్రమే ఆ తలుపు తెరిచి ఉంది. ట్రయల్ పేరు, కంపెనీ పేరు రాయను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

సంతకం చేయాల్సిన కాగితాలు ముప్ఫై పేజీల పైన. రాత్రి కూర్చుని పెన్సిల్‌తో గీతలు కొట్టుకుంటూ అంతా చదివాను. మామూలు చికిత్స ఖర్చు ఇన్సూరెన్స్ మీద, టీకా, దానికోసం చేసే అదనపు పరీక్షలు కంపెనీ మీద. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు. అన్నిటికంటే నన్ను ఆపింది ఒక పేజీ. ట్రయల్‌లో చేరినంత మాత్రాన టీకా ఇవ్వరు. చేరినవాళ్ళని కంప్యూటర్ రెండు గుంపులుగా విడదీస్తుంది, ఒక గుంపుకి మామూలు చికిత్స మాత్రమే, ఇంకో గుంపుకి మామూలు చికిత్సతోపాటు టీకా. మావారు "ఇంత చేసి ఇవ్వకపోతే ఎలా" అని చాలా బాధపడ్డారు. ఆయన్ని ఒప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది. రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి చూడకపోతే మందు వల్ల బాగుపడ్డారో మామూలు కీమో వల్ల బాగుపడ్డారో ఎవరూ చెప్పలేరు. నేను ఉద్యోగంలో రోజూ చేసేది అలాంటి పనే కాబట్టి నాకు అది న్యాయంగానే అనిపించింది.

టీకా తయారీకి ముందు గడ్డ ముక్క కావాలి. కొలనోస్కోపీలో తీసిన ముక్క పంపితే అందులో క్యాన్సర్ కణాలు చాలినన్ని లేవని తిరిగి వచ్చింది. పది రోజులు పోయాయి. లివర్‌లోంచి సూదితో మళ్ళీ తీశారు, అప్పటికి కీమో మొదలైంది, రక్తం కారుతుందన్న భయంతో దానితోపాటు ఇచ్చే బెవాసిజుమాబ్‌ని (గడ్డకి కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే మందు) ఆ విడత ఆపేశారు. పక్కటెముకల మధ్యనుంచి సూది దిగుతుంటే కుడి భుజంలో నొప్పి వచ్చింది, లివర్ నొప్పి భుజంలో తెలుస్తుందట. ముక్కతోపాటు ఒక ట్యూబు రక్తం కూడా పంపారు. రెండింటి డీఎన్ఏ చదివి, రక్తంలో లేనివి, గడ్డలో మాత్రమే ఉన్న మార్పులు ఏరుతారు. ఆ మార్పుల వల్ల పుట్టే వంకర ప్రొటీన్ ముక్కల్లో ఏవి కణం పైకి వచ్చి కనిపిస్తాయో ఒక సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది. అలా పైకి మోసుకొచ్చి చూపించే పళ్ళేల్లాంటివి, హెచ్ఎల్ఏ అంటారు, మనిషి మనిషికీ వేరే రకం. అంటే పక్కవాళ్ళకీ నాకూ ఒకే మార్పు ఉన్నా నాకు పనికొచ్చే ముక్క వాళ్ళకి పనికిరాకపోవచ్చు. నా గడ్డలోంచి ఇరవై ఎంచుకున్నారు. ఆ ఇరవై ముక్కల సమాచారం ఎక్కించి ఒక్క నా కోసం టీకా తయారు చేస్తారు, దానికి నెలలు పడుతుంది.

ఆ నెలల్లో నన్ను బతికించింది మామూలు కీమో. ఇది ఎంత గట్టిగా చెప్పినా చాలదు, ఎందుకంటే నాకు ఫోన్ చేసేవాళ్ళలో సగంమంది "కీమో వద్దు, టీకా చాలు కదా" అంటున్నారు. నాలుగో స్టేజిలో తొమ్మిది మచ్చలతో టీకా కోసం ఖాళీగా కూర్చుని ఉంటే అది నా చేతికి వచ్చేనాటికి నేను ఉండేదాన్ని కాదు. ఫోల్ఫాక్స్ అనే కొన్ని కీమో మందుల కలయిక, దాంతో బెవాసిజుమాబ్, రెండు వారాలకొకసారి. ఎడమో కుడో కాలర్ బోన్ కింద పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెడతారు, నాకు కుడివైపు పెట్టారు. ఆస్పత్రిలో కొన్ని గంటలు ఎక్కించి, ఆ పైన 46 గంటలు నడిచే చిన్న పంపు నడుముకి కట్టి ఇంటికి పంపుతారు. హ్యూస్టన్ నుంచి ఆ పంపుతోనే నాలుగు గంటలు ప్రయాణం, తీయించుకోవడం మాత్రం మా ఊళ్ళో.

ఫోల్ఫాక్స్‌లో ఉండే ఆక్సాలిప్లాటిన్ అనే మందు చలిని శత్రువుని చేసేస్తుంది. మొదటి విడత అయ్యాక మర్చిపోయి ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీశాను, వేళ్ళకి కరెంటు షాక్ కొట్టినట్టయి గిన్నె వదిలేశాను. ఒక గుక్క చల్లటి నీళ్ళు తాగితే గొంతు పట్టేసి ఊపిరి ఆగిపోయిందనిపించింది. అప్పటినుంచి అమ్మ (మార్చిలో వచ్చేసింది) ఏ పూటకి ఆ పూట పాలు తోడుపెట్టి, బయటే ఉంచి, గోరువెచ్చటి పెరుగన్నం పెట్టేది. నోరంతా పుండ్లు పడిన వారాల్లో ఆవకాయ సీసా నా కంటపడకుండా దాచేది. ఫ్రిజ్ తలుపు మీద మా అమ్మాయి తెలుగులో "అమ్మ ముట్టుకోకూడదు" అని రాసి అంటించింది. దానికి తెలుగు రాయడం సరిగ్గా రాదు, ట లకి కొమ్ము పెట్టడం మర్చిపోయింది, ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది.

గడ్డ పెరుగుతోందో తగ్గుతోందో తెలుసుకోవడానికి రక్తంలో చూసే సీఈఏ 186 నుంచి నాలుగో విడతకి 41కి, ఎనిమిదో విడతకి 9కి వచ్చింది. లివర్‌లో మచ్చలు బాగా కుదించుకున్నాయి, రెండు కనిపించనే లేదు. వేళ్ళ తిమ్మిరి ఎక్కువై గుండీలు పెట్టుకోలేని స్థితికి వచ్చాక ఆక్సాలిప్లాటిన్ ఆపేసి, మిగతావి కొనసాగించారు. అలా ఆపడం మామూలుగా చేసేదే, మెయింటెనెన్స్ అంటారు. ట్రయల్‌లో టీకా మొదలయ్యేది సరిగ్గా అక్కడే. గడ్డ తగ్గి ఉంది, ఒంట్లో కాస్త ఓపిక ఉంది, వాంతులు ఆపడానికి కీమోతో ఇచ్చే డెక్సామెథసోన్ అవసరం కూడా తగ్గింది. అది స్టెరాయిడ్, నిరోధక శక్తిని అణిచేస్తుంది, టీకా పనికి అడ్డం. ఈ లెక్కంతా ముందే వేసుకుని ట్రయల్‌ని మామూలు చికిత్స మధ్యలో ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టారని నాకు అప్పుడు అర్థమైంది.

ఏ గుంపులో పడ్డానో తెలిసిన రోజు పటేల్ బ్రదర్స్‌లో గోంగూర కట్టలు ఏరుకుంటున్నాం. కోఆర్డినేటర్ ఫోన్. టీకా గుంపు. మావారు అక్కడే కూరగాయల మధ్య నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం వెంటనే గుర్తొచ్చింది కీమో కుర్చీలో ఎప్పుడూ నా పక్కన కూర్చునే ఒక టీచరమ్మ. ఆవిడా అదే ట్రయల్, ఆవిడకి మామూలు చికిత్స గుంపు వచ్చిందని వారం కిందటే చెప్పింది. ఆవిడకి నా సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఆవిడే చూసి అర్థం చేసుకుని నా చెయ్యి పట్టుకుని "నీకు బాగా పనిచేయాలి" అంది.

2023 జూన్ ఆఖర్లో మొదటి డోసు. మొదటిది చింపాంజీలకి వచ్చే ఒక జలుబు వైరస్‌ని, మనలో పెరగకుండా మార్చి, దానిలో నా ఇరవై ముక్కల సమాచారం పెట్టి తయారు చేసినది. తర్వాత వేసే బూస్టర్లు ఎంఆర్ఎన్ఏ (ఏ ప్రొటీన్ తయారు చేయాలో కణానికి చెప్పే సందేశం), అదీ కణంలోకి వెళ్ళాక తనని తాను కాపీలు తీసుకునే రకం, అందుకని కొద్ది మోతాదు చాలు. ఇది అమ్మకి ఎలా చెప్పాలా అని ఆలోచించి, తెనాలిలో నువ్వు వేయించుకున్న కోవిషీల్డ్ కూడా చింపాంజీ వైరస్ నుంచి చేసిందే, ఇక్కడ నేను వేయించుకున్న ఫైజర్ ఎంఆర్ఎన్ఏ, ఇప్పుడు రెండు పద్ధతులూ కలిపి క్యాన్సర్ మీద వాడుతున్నారు అన్నాను. అమ్మ వెంటనే "అయితే రెండ్రోజులు జ్వరం వస్తుంది, జావ కాచి పెడతా" అంది. వచ్చింది కూడా. రెండు చేతులకీ కండలోకి సూదులు, ఆ దగ్గరి లింఫ్ గ్రంథులకి చేరాలని చర్మం కింద కొద్ది మోతాదులో ఇపిలిముమాబ్, సెలైన్‌లో అటెజోలిజుమాబ్. ఈ రెండూ నిరోధక కణాలకి ఉండే బ్రేకులు వదిలించే మందులు. టీకా గడ్డని గుర్తుపట్టడం నేర్పితే, ఇవి ఆ కణాల్ని ఆగకుండా పోనిస్తాయి. ఆ రాత్రి 102 జ్వరం, పళ్ళు కొట్టుకునేంత వణుకు, మర్నాడు సాయంత్రానికి తగ్గింది. చేతులు మూడు రోజులు పైకి లేవలేదు. కీమో కష్టంతో పోలిస్తే అది నాకు కష్టంగానే అనిపించలేదు.

అసలు ఇబ్బంది అయిదో నెలలో వచ్చింది. పొద్దస్తమానం నిద్ర, బరువు పెరగడం, జుట్టు రాలడం, కీమో అలసటే అనుకున్నాను. థైరాయిడ్ దెబ్బతిన్నది. బ్రేకులు వదిలించే మందులతో నిరోధక కణాలు సొంత అవయవాల మీద కూడా పడవచ్చని కాగితాల్లో చదివే ఉన్నాను. రోజూ పొద్దున పరగడుపున మాత్ర వేసుకుంటున్నా, అది జీవితాంతం.

ఇంకో సంగతి, ఇది చాలామంది దాస్తారు. అత్తయ్యగారు పొన్నూరు నుంచి ఏవో ఆకుల పొడి, గోధుమగడ్డి పొడి పంపారు, సీతాఫలం ఆకుల కషాయం రోజూ తాగమన్నారు. ట్రయల్ నర్సు ప్రతిసారీ "మందులు కాకుండా ఇంకేమైనా తీసుకుంటున్నారా" అని అడుగుతుంది. ఒకసారి అబద్ధం చెప్పబోయి ఆగిపోయాను, ఉన్నదంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. లివర్ మీద భారం పడితే అది టీకా వల్లో ఈ పొడి వల్లో మాకు తెలియదు, మీకే ప్రమాదం అని నెమ్మదిగా చెప్పి ఆపించింది. అత్తయ్యగారికి నేనే ఫోన్ చేసి చెప్పాను, అప్పటికి దాపరికాలన్నీ అయిపోయాయి, ఆవిడ "నువ్వు బాగుంటే చాలమ్మా" అన్నారు.

ప్రతి ఎనిమిది వారాలకీ స్కాన్, మధ్యలో రక్తంలో తేలే గడ్డ డీఎన్ఏ ఎంతుందో చూసే పరీక్ష. ఆ పరీక్ష తగ్గింది అనగానే మేము టీకా పనిచేసేస్తోందని పాయసం చేసుకున్నాం. డాక్టరు సంతోషపడుతూనే ఒక మాట చెప్పారు, కీమోతో కూడా అది పడిపోతుంది, కాబట్టి మొదటి నెలల్లో తగ్గడం చూసి దేని గొప్పతనమో చెప్పలేం, ఎంతకాలం తగ్గి ఉంటుందన్నదే చూడాలి అని. స్కాన్ ముందు వారం నాకు ఉండే టెన్షన్‌కి మందు ఎవరూ కనిపెట్టలేదు. మావారు ఆ వారం ఇంట్లో ఏదో ఒకటి బాగుచేస్తూ ఉంటారు, కుళాయి, తలుపు గడియ, ఏదో ఒకటి.

టీకా మొదలైనప్పటి నుంచి పదకొండు నెలల పాటు గడ్డ కదల్లేదు. 2024 మేలో లివర్ కుడివైపు ఒక పాత మచ్చ పెరిగింది. మిగతావి అలాగే ఉన్నాయి, అదొక్కటే. అయినా నియమం ప్రకారం ట్రయల్ నుంచి బయటికి. ఆ మచ్చని వేడితో కాల్చేశారు, తర్వాత ఫోల్ఫిరి అనే ఇంకో రకం కీమో. మళ్ళీ ఒకసారి పెరిగింది, మందు మార్చారు. ఇది రాస్తున్నప్పటికి మూడేళ్ళయింది, నేను ఉన్నాను, సగం రోజులు పని చేస్తున్నాను.

మరి టీకా పనిచేసినట్టా? నాకు వేసినవాటిలో కీమో ఉంది, బెవాసిజుమాబ్ ఉంది, రెండు ఇమ్యునోథెరపీ మందులున్నాయి, టీకా ఉంది. నా రక్తంలో ఆ ఇరవై ముక్కల్లో కొన్నిటిని గుర్తుపట్టే టీ కణాలు (నిరోధక కణాల్లో ఒక రకం) పుట్టాయని చెప్పారు, అది విన్నరోజు నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను. కానీ మామూలు చికిత్స గుంపులో పడిన ఆ టీచరమ్మకి పధ్నాలుగు నెలల దాకా గడ్డ పెరగలేదు. నా కంటే మూడు నెలలు ఎక్కువ. ఒక్క మనిషి కథ పట్టుకుని టీకా గొప్పదనీ దండగనీ ఎవరైనా తేలిస్తే నమ్మకండి, నా కథ పట్టుకుని కూడా.

టీకాలు మంచి ఫలితం చూపించినవి ఎక్కడో చూస్తే నాకు ఒక విషయం తోచింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో మోడర్నా, మెర్క్ కంపెనీలు కలిసి 157 మందితో చేసిన ట్రయల్‌లో, పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే తీసుకున్నవాళ్ళ కంటే దానితో టీకా కూడా తీసుకున్నవాళ్ళకి జబ్బు తిరగబెట్టే లేదా చనిపోయే ముప్పు 44 శాతం తగ్గింది. న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ వినోద్ బాలచంద్రన్ బృందం పాంక్రియాస్ క్యాన్సర్‌లో 16 మందికి ఇస్తే 8 మందిలో టీ కణాలు బాగా పుట్టాయి, ఆ ఎనిమిది మందికి జబ్బు తిరగబెట్టడం ఆలస్యమైంది, అది 2023లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది. రెండు చోట్లా ముందు ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు, టీకాకి మిగిలింది కంటికి కనిపించని కొద్ది కణాలే. ఇంగ్లండ్‌లో బయోఎన్‌టెక్ కంపెనీ పెద్దపేగు టీకా కూడా అలాగే, ఆపరేషన్ అయ్యాక రక్తంలో ఇంకా గడ్డ డీఎన్ఏ కనిపిస్తున్న రెండు, మూడు స్టేజిల వాళ్ళకి. 2024లో అక్కడ మొదటి డోసు బర్మింగ్‌హామ్‌లో ఇచ్చారు. నాలాంటి నాలుగో స్టేజి వాళ్ళకి ఆ పరిస్థితికి కాస్త దగ్గరగా తీసుకెళ్ళగలిగేది కీమో, ఆపరేషన్, కాల్చడం, ఇవే. టీకా రేపు ఎంత మెరుగుపడినా ఈ పాత చికిత్స భుజం మీదే నిలబడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

విజయవాడ నుంచి, వరంగల్ నుంచి, ఒకసారి కువైట్ నుంచి కూడా నాకు ఫోన్లు వచ్చాయి, ఈ టీకా ఎంతకి దొరుకుతుంది అని. నేను వేయించుకున్నది బయట కొనుక్కునేది కాదు, ట్రయల్‌లోనే ఇచ్చారు. ఎవరైనా డబ్బు తీసుకుని ఇస్తామంటే దగ్గరికి పోకండి. ఫోల్ఫాక్స్ మన ఊళ్ళలోనూ అదే ఫోల్ఫాక్స్, అది ఆపకండి. ఎంఎస్ఐ పరీక్ష చేశారా, గడ్డలో కేఆర్ఏఎస్ అనే జన్యువు మారిందేమో చూశారా, లివర్ మచ్చలు ఆపరేషన్‌కి వీలవుతాయేమో సర్జన్‌కి చూపించారా, ఇవి అడగండి. నాకు ఈ జబ్బని తెలిసిన వారమే డాక్టరు తోబుట్టువుల గురించి చెప్పారు, 40 ఏళ్ళకి, లేదా నాకు జబ్బు తేలిన వయసు కంటే పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించాలని. తమ్ముడికి అప్పుడే 39. ఏ ఇబ్బందీ లేదు కదక్కా అని ఆరు నెలలు వాయిదా వేశాడు. రాఖీ కట్టడానికి వీడియో కాల్ చేసి, చేయించుకునేదాకా నీతో మాట్లాడనన్నాను. విజయవాడలో చేయించుకున్నాడు. రెండు పాలిప్స్ (పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న బుడిపెలు), ఒకటి ముదురుతున్న రకం, అక్కడికక్కడే తీసేశారు. ఈ మూడేళ్ళలో నాకు దక్కిన పెద్ద ఫలితం ఏదంటే అదే చెప్తాను.

నేను ట్రయల్ నుంచి బయటికి వచ్చిన కొన్ని నెలలకి ఆ కంపెనీ డబ్బుల్లేక మూతపడింది. ఫలితాల్లో తేడా కొద్దిగా కనిపించింది కానీ గట్టిగా చెప్పేంత కాదు, చెప్పేదాకా నడపడానికి డబ్బు చేతిలో లేదు. చాలా కోపం వచ్చింది, చాలా ఏడ్చాను. వందమంది తమ లివర్‌లోంచి ముక్కలిచ్చిన ప్రయత్నం బ్యాంకు లెక్కల దగ్గర ఆగిపోవడం ఏమిటని. కోఆర్డినేటర్‌కి ఫోన్ చేస్తే ఆవిడ గొంతు కూడా బాగోలేదు. మాటల్లో చెప్పింది, నా కోసం తయారైన డోసులు ఇంకా నాలుగు వాళ్ళ ఫ్రీజర్‌లో ఉన్నాయని, ఏం చేయాలో ఇంకా ఎవరూ చెప్పలేదని. మా అమ్మాయి పక్కనుంచి విని, అవి ఇంకెవరికైనా ఇవ్వొచ్చు కదమ్మా అంది. ఇవ్వకూడదు, అవి ఇంకెవరికీ పనిచేయవు అని చెప్పాను. ఆ సీసాల మీద పేరు ఉండదు, నంబరు ఉంటుంది. డోసు వేసేముందు ప్రతిసారీ ఇద్దరు నర్సులు ఆ నంబరు పైకి చదివి నా చేతికున్న పట్టీతో సరిచూసేవాళ్ళు, నేను కూడా వాళ్ళతోపాటు చదివేదాన్ని.